తీగ లేని తంబురా

ఫోనులో తంబురా మోగుతుంది. లోపల తీగ లేదు, కుండ లేదు, మీటే వేలు లేదు. మరి ఆ నాదం ఎక్కడి నుంచి వస్తోంది? పిల్లలకు సంగీతం నేర్పించే ఇళ్లలో పెద్దలు తరచు అడిగే ప్రశ్న ఇది.

సికింద్రాబాద్‌లో ఈ ప్రశ్న వినిపించే ఇళ్లకు కొదవ లేదు. భక్త రామదాసు ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల ఈ ఊళ్లోనే ఉంది. మారేడ్‌పల్లి, పద్మారావునగర్ వీధుల్లో పొద్దున్నే సరళీ స్వరాలు వినిపించే ఇళ్లున్నాయి. ఒకప్పుడు సాధనకు కూర్చోవాలంటే తంబురా మీటే మనిషి పక్కన ఉండాలి, లేదా తిత్తితో నడిచే శ్రుతిపెట్టె ఉండాలి. బెంగళూరుకు చెందిన ఇంజనీరు, వేణు విద్వాంసుడు జి. రాజ్ నారాయణ్ 1979లో ఎలక్ట్రానిక్ తంబురాను తీసుకొచ్చారు. ఇప్పుడు చాలా ఇళ్లలో ఆ పెట్టె పని కూడా ఫోనే చేస్తోంది.

ఎవరో వాయించిన తంబురాను రికార్డు చేసి పెట్టారు, అంతే కదా అని చాలామంది అనుకుంటారు. అది సగం నిజం. సికింద్రాబాద్ రైల్వే స్టేషన్లో వినిపించే ప్రకటనలు అలాంటివే. రైలు నంబరు, ఊళ్ల పేర్లు, ప్లాట్‌ఫారం అంకెలు విడివిడిగా ముందే రికార్డు చేసి ఉంటాయి. కంప్యూటరు సమయానికి వాటిని ఏరి వరసగా అతికిస్తుంది. అందుకే మాటకూ మాటకూ మధ్య గొంతు తెగినట్టు ఉంటుంది. రికార్డు చేసిన మోతనే తిప్పి తిప్పి వినిపించే తంబురా యాప్‌లూ ఉన్నాయి.

రెండో దారి వేరు. అందులో ఎవరూ వాయించరు, దేన్నీ రికార్డు చేయరు. తీగ ఎలా కంపిస్తుందో కంప్యూటరుకు రాసి చెబుతారు. అది లెక్క వేసి, అంతకుముందు ఎక్కడా మోగని నాదాన్ని పుట్టిస్తుంది. అలా రాసి చెప్పడానికి తయారైనవే సంగీత ప్రోగ్రామింగ్ భాషలు. వాటి వయసు దాదాపు 70 ఏళ్లు. నియమాల మీద నిలబడిన కర్ణాటక సంగీతానికి ఈ భాషలు బాగా కుదురుతాయి. గమకాల దగ్గరికి, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పలికే తీరుల దగ్గరికి, వచ్చేసరికి మాత్రం వాటికి గట్టి పరీక్ష ఎదురవుతుంది. ఈ అధ్యాయం ఆ రెండింటి గురించీ.

చుక్కల నుంచి గీత

తంబురా తీగను మీటితే అది అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపు గాలిని నొక్కుతూ వదులుతూ పోతుంది. గాలి ఒత్తిడిలోని ఆ హెచ్చుతగ్గులు కర్ణభేరిని కదిలిస్తే మనకు నాదం వినిపిస్తుంది. ఒకటో శ్రుతిలో పాడే గాయకుడి ఆధార షడ్జమం పలకాలంటే తీగ సెకనుకు సుమారు 131 సార్లు ఊగాలి. అయిదున్నర శ్రుతిలో పాడే గాయని షడ్జమానికి సుమారు 208 సార్లు ఊగాలి.

ఈ ఊపును కాగితం మీద గీస్తే ఎగుడుదిగుడుగా ఒక గీత వస్తుంది. కంప్యూటరుకు గీతలు తెలియవు, అంకెలే తెలుసు. ఇక్కడ సంక్రాంతి నెలలో వాకిట్లో వేసే చుక్కల ముగ్గును గుర్తు చేసుకోవాలి. ముందు సమాన దూరంలో చుక్కలు పెడతారు. తరువాత వాటిని కలుపుతూ గీత సాగుతుంది. చుక్కలు ఎడంగా ఉంటే పెద్ద మెలికలే వస్తాయి. సన్నని మెలికలు కావాలంటే చుక్కలు దగ్గర పడాలి. డిజిటల్ ధ్వనిలో ఒక్కో చుక్క ఒక్కో అంకె. ఆ క్షణంలో గీత ఎంత ఎత్తులో ఉందో ఆ అంకె చెబుతుంది. దీన్ని నమూనా అందాం, ఇంజనీర్లు శాంపిల్ అంటారు.

సీడీలో సెకనుకు 44,100 నమూనాలు ఉంటాయి. ఈ సంఖ్య ఊరికే రాలేదు. మనిషి చెవి సెకనుకు సుమారు 20,000 కంపనాల దాకా వినగలదు. ఒక్కో ఊపును పట్టుకోవాలంటే గీత పైకెక్కినప్పుడు ఒకటి, కిందికి దిగినప్పుడు ఒకటి, కనీసం రెండు చుక్కలు కావాలి. అంటే సెకనుకు 40,000కు పైగా చుక్కలు ఉంటే మన చెవికి అందేదంతా అందులో ఇమిడిపోతుంది. చుక్కల్ని కలిపి మళ్లీ గీతగా, అంటే విద్యుత్తుగా మార్చే చిన్న భాగం ప్రతి ఫోనులోనూ ఉంటుంది.

అసలు విషయం ఇక్కడ ఉంది. ఆ భాగానికి అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో పట్టదు. మైకు ముందు మోగిన తంబురా నుంచి కొలిచినవైనా, ఎవరో కూర్చుని లెక్క వేసి రాసినవైనా దానికి ఒకటే. వరసలో అంకెలు ఉంటే చాలు, వినిపిస్తుంది. కనుక అంకెల్ని రాయగలిగితే నాదాన్ని రాయగలిగినట్టే.

అయితే మూడు నిమిషాల పాటకు 79,38,000 అంకెలు కావాలి. చేత్తో రాయడం ఎవరి తరమూ కాదు. నాలుగు మాటలు రాస్తే లక్షల అంకెలుగా విచ్చుకునే భాష ఒకటి కావాలి.

పదిహేడు సెకన్ల సంగీతం

ఆ భాషను మొదట తయారు చేసినవాడు మాక్స్ మాథ్యూస్. అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో ఇంజనీరు. టెలిఫోన్లో మాట నాణ్యతను మెరుగుపరచడం ఆ సంస్థ పనుల్లో ఒకటి. అందుకోసం మాటను అంకెలుగా, అంకెల్ని తిరిగి మాటగా మార్చే యంత్రాలు అక్కడ ఉండేవి. మాటకు పనికొచ్చే యంత్రం పాటకూ పనికొస్తుంది కదా అనుకున్నాడు మాథ్యూస్. 1957లో మ్యూజిక్ అనే పేరుతో ఒక ప్రోగ్రాం రాశాడు. దానితో న్యూమన్ గట్‌మన్ కూర్చిన 17 సెకన్ల రచన 'ద సిల్వర్ స్కేల్'ను ఐబీఎం 704 కంప్యూటరు లెక్క కట్టింది. కంప్యూటరు న్యూయార్క్‌లో ఉండేది, అంకెల్ని ధ్వనిగా మార్చే యంత్రం న్యూజెర్సీలో ఉండేది. అంకెలు నింపుకున్న టేపును అక్కడి నుంచి ఇక్కడికి మోసుకొచ్చి వినేవారు.

మొదటి ప్రోగ్రాంలో ఒకే గొంతు, ఒకే రకం మోత. వినసొంపుగా ఉందని మాథ్యూస్ కూడా అనుకోలేదు. ఆయన ఆగలేదు. కొత్త కూర్పులు రాస్తూ పోయాడు. 1960 ప్రాంతంలో వచ్చిన మూడో కూర్పులో ఈ రంగాన్నంతా ఈనాటికీ నడిపిస్తున్న ఆలోచన ఉంది.

ఏ వాద్యానికి ఆ వాద్యం మొత్తంగా రాయనక్కర్లేదని ఆయన గ్రహించాడు. చిన్న చిన్న పనిముట్లు చేసి పెడితే ఎవరికి కావలసిన వాద్యాన్ని వారే అమర్చుకుంటారు. నిలకడగా ఊగుతూ స్వరాన్నిచ్చేది ఒక పనిముట్టు, దాని పేరు డోలకం. నాదం ఎంత చురుగ్గా ఎగసి ఎంత నెమ్మదిగా తగ్గాలో చెప్పేది ఇంకొకటి. మీటిన తీగ గబుక్కున ఎగసి మెల్లగా ఆరిపోతుంది, వేణువు మెల్లగా ఎగసి ఊదినంతసేపూ నిలుస్తుంది. చెవికి ఆ తేడా తెలిపేది ఈ పనిముట్టే. పదునైన పై స్థాయి ధ్వనుల్ని ఆపేసి మిగతావి పోనిచ్చేది వడపోత. రెండు ధ్వనుల్ని కలిపేది మరొకటి. ఒకదాని నుంచి వచ్చిన అంకెలు మరొకదానిలోకి వెళతాయి. వీటిని ఇంగ్లీషులో యూనిట్ జనరేటర్లు అంటారు.

మాథ్యూస్ పనిని రెండుగా విడదీశాడు. వాద్యం ఎలా ఉండాలో ఒకచోట రాస్తారు. దాని మీద ఏ స్వరం, ఎప్పుడు, ఎంతసేపు అన్నది వేరేచోట రాస్తారు. ఒకటి వాద్యం చేసేవాడి పని, మరొకటి వాగ్గేయకారుడి పని. ఈ పద్ధతికి సూటి వారసురాలు సీసౌండ్. ఎంఐటీలో బారీ వెర్కో 1986లో రాసిన ఈ భాష ఈనాటికీ వాడుకలో ఉంది, ఉచితంగా దొరుకుతుంది.

1961లో అదే బెల్ లేబొరేటరీస్‌లో కంప్యూటరు ఒక పాట పాడింది. గొంతు నుంచి పెదవుల దాకా ఉన్న దారిని వరస గొట్టాలుగా భావించి జాన్ కెల్లీ, కేరోల్ లాక్‌బామ్ లెక్క కట్టారు. వాద్య సహకారాన్ని మాథ్యూస్ రాశాడు. 1968లో వచ్చిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' సినిమాలో యంత్రం పాడే ఘట్టానికి మూలం ఆ పాటే.

తరువాతి మలుపు స్టాన్‌ఫర్డ్‌లో వచ్చింది. ఒక డోలకం మరొక డోలకం వేగాన్ని క్షణక్షణం మారుస్తూ పోతే, రెండింటితోనే గంట, ట్రంపెట్ వంటి నిండైన నాదాలు పుడతాయని జాన్ చౌనింగ్ 1967లో కనిపెట్టాడు. యమహా సంస్థ ఆ పద్ధతిని తీసుకుని 1983లో డీఎక్స్7 అనే కీబోర్డును విడుదల చేసింది. ఎనభైల నాటి సినిమా పాటల్లో గాజు గలగలలాంటి కీబోర్డు మోత దేశదేశాల్లో వినిపించడానికి కారణం ఆ వాద్యమే.

తంబురాను రాయడం

ఇప్పుడు తంబురా దగ్గరికి వద్దాం. తీగ మోతను లెక్కతో పుట్టించే దారుల్లో అన్నిటికన్నా తేలికైనదాన్ని 1983లో కెవిన్ కార్ప్లస్, అలెక్స్ స్ట్రాంగ్ ప్రకటించారు. హైస్కూలు విద్యార్థికి కూడా అర్థమయ్యే పద్ధతి ఇది.

ఒక జాబితాలో 337 అంకెల్ని ఇష్టం వచ్చినట్టు నింపాలి. వాటిని వరసగా వినిపించాలి. చివరికి చేరగానే మళ్లీ మొదటికి రావాలి. సెకనుకు 44,100 అంకెలు వినిపిస్తాం కనుక 337 అంకెల జాబితా సెకనుకు సుమారు 131 సార్లు తిరుగుతుంది. అంటే ఒకటో శ్రుతి షడ్జమం పలికినట్టే. ఇంకొక్క నియమం మిగిలింది. ఏ అంకెనైనా వినిపించగానే దాని స్థానంలో, ఆ అంకెకూ పక్క అంకెకూ సగటును రాసిపెట్టాలి. అంతే.

ఈ సగటు చేసే పని చాలా పెద్దది. మొదటి చుట్టులో జాబితా నిండా గజిబిజి కనుక 'టక్'మని మీటిన చప్పుడు వస్తుంది. చుట్టు చుట్టుకూ అంకెల మధ్య తేడాలు అరిగిపోతాయి. పై స్థాయి ధ్వనులు ముందు చల్లారతాయి, కింది స్థాయివి చివరిదాకా నిలుస్తాయి. నిజమైన తీగలో జరిగేది కూడా ఇదే.

తంబురాకు నాలుగు తీగలు కనుక నాలుగు జాబితాలు కావాలి. పంచమానికి సుమారు 450 అంకెలు, రెండు షడ్జమాలకు చెరి 337, మంద్ర షడ్జమానికి 674. మంద్ర షడ్జమం జాబితా షడ్జమం జాబితాకు సరిగ్గా రెట్టింపు. పంచమం జాబితా మంద్ర షడ్జమం జాబితాలో మూడింట రెండు వంతులు. షడ్జమ పంచమాల సంబంధం మూడుకు రెండు అని శాస్త్ర గ్రంథాలు చెప్పే మాట ఇక్కడ జాబితాల పొడవులో కళ్లకు కనిపిస్తుంది. నాలుగింటినీ ఒకదాని తరువాత ఒకటిగా మీటుతూ మళ్లీ మొదటికి రమ్మంటే పని పూర్తవుతుంది.

కానీ తంబురా విని పెరిగిన చెవి దీన్ని ఒప్పుకోదు. తీగ మోగిందంటుంది, తంబురా మోగలేదంటుంది. ఆ చెవి మాట నిజం. తంబురాకు ప్రాణం బ్రిడ్జి మీద, తీగ కింద దూర్చే సన్నని నూలుపోగులో ఉంది. దాన్ని జీవ అంటారు. పోగును వెంట్రుకవాసి జరిపితే చాలు, నాదం విచ్చుకుంటుంది.

దీని వెనుక భౌతికశాస్త్రాన్ని సి.వి. రామన్ వివరించారు. ఆయన బాల్యం విశాఖపట్నంలో గడిచింది. తండ్రి అక్కడి ఎ.వి.ఎన్. కాలేజీలో అధ్యాపకుడు. రామన్ 11 ఏళ్లకే మెట్రిక్యులేషన్ పూర్తిచేసింది ఆ ఊళ్లోనే. తరువాత కలకత్తాలో పనిచేస్తూ 1921లో వీణ, తంబురాల మీద ఒక వ్యాసం ప్రకటించారు. మామూలు తీగను ఎక్కడ మీటితే అక్కడ కదలకుండా ఉండవలసిన ఉపస్వరాలు (అసలు స్వరంతో పాటు పలికే పై స్థాయి ధ్వనులు) పలకవు. ఇది పాశ్చాత్య శాస్త్రవేత్తలు స్థిరపరచిన సూత్రం. తంబురా, వీణ ఆ సూత్రానికి లొంగవని, పలకకూడని ఉపస్వరాలు కూడా వాటిలో గట్టిగా పలుకుతాయని రామన్ చూపించారు. వాటి బ్రిడ్జి వెడల్పుగా, కొద్దిగా వంపుతో ఉంటుంది. తీగ ఊగిన ప్రతిసారీ ఆ వంపును తాకి లేస్తుంది. ఆ తాకిడిలోంచే కొత్త ఉపస్వరాలు పుడతాయి.

ప్రోగ్రాం రాసేవారికి ఇది నేరుగా పనికొచ్చే సమాచారం. తీగ కిందికి దిగిన ప్రతిసారీ దాని పొడవు రవ్వంత తగ్గినట్టు, పైకి లేచినప్పుడు మళ్లీ పెరిగినట్టు లెక్క మార్చాలి. ఈ ఒక్క నియమం చేరిస్తే పొడిగా ఉన్న మోతకు తంబురా ఝంకారం రావడం మొదలవుతుంది.

మృదంగానిదీ ఇలాంటి కథే. మామూలు డోలు చర్మం పలికే ధ్వనుల మధ్య 1, 2, 3 వంటి నిండు సంఖ్యల పొందిక ఉండదు, అందుకే దానికి నికరమైన స్వరస్థానం తెలియదు. మృదంగం కుడివైపు చర్మం మధ్యలో అద్దే నల్లని కరణ ఆ ధ్వనుల్ని ఒక క్రమంలోకి తెస్తుంది. రామన్, శివకాళి కుమార్ 1920లో నేచర్ పత్రికలో ఈ సంగతి ప్రకటించారు. మృదంగంలో మొదటి ఐదు ధ్వనులు 1, 2, 3, 4, 5 నిష్పత్తిలో పలుకుతాయని తేలింది. కంప్యూటరు మీద మృదంగాన్ని రాయదలచినవారు ఈ ఐదు డోలకాలతో మొదలుపెట్టవచ్చు.

సరళీ స్వరాల నుంచి గమకం దాకా

నాదం చేతికొచ్చాక సంగీతం రాయాలి. కేంబ్రిడ్జ్‌లో శామ్ ఆరన్ 2012లో బడిపిల్లల కోసం మొదలుపెట్టిన సోనిక్ పై అనే భాషలో స్వరం పలకాలంటే 'ప్లే' అని రాసి ఒక అంకె ఇవ్వాలి, విరామం కావాలంటే 'స్లీప్' అని రాసి ఎంతసేపో చెప్పాలి. షడ్జమాన్ని 60 అనుకుంటే మాయామాళవగౌళ ఆరోహణ 60, 61, 64, 65, 67, 68, 71, 72 అవుతుంది. ఈ ఎనిమిది అంకెల్ని ఒక జాబితాలో పెట్టి, వరసగా పలుకుతూ మధ్యలో ఒక సెకను ఆగమంటే మొదటి సరళి ఆరోహణ మొదటి కాలంలో వినిపిస్తుంది. విరామాన్ని అర సెకను చేస్తే రెండో కాలం, పావు సెకను చేస్తే మూడో కాలం. జాబితాను తిప్పి చదవమంటే అవరోహణ. ప్రతి అంకెనూ రెండుసార్లు పలకమంటే జంట స్వరాలు. గురువు పిల్లలకు చెప్పే క్రమమే ప్రోగ్రాంలో ఒక్కో పంక్తి అవుతుంది.

కర్ణాటక సంగీతం లోపలికి వెళ్లేకొద్దీ ఈ పొందిక ఇంకా గట్టిగా కనిపిస్తుంది. 17వ శతాబ్దిలో తంజావూరును ఏలిన విజయరాఘవ నాయకుడి కాలంలో వెంకటమఖి 'చతుర్దండీ ప్రకాశిక' రాశారు. తెలుగు సాహిత్యం వెల్లివిరిసిన ఆస్థానం అది. రాగాలకు ఆధారమైన మేళాలు ఎన్ని ఉండగలవో ఆయన లెక్క వేశారు. మధ్యమం రెండు రకాలు. రిషభ గాంధారాల జంటలు ఆరు. ధైవత నిషాదాల జంటలు ఆరు. రెండు ఆర్లు పన్నెండు, పన్నెండు ఆర్లు డెబ్బై రెండు. వాడుకలో ఉన్న రాగాల్ని లెక్కపెట్టి ఆగిపోకుండా, ఉండగల మేళాలన్నిటినీ నియమంతో పుట్టించడం ఈ పద్ధతి గొప్పదనం. ప్రోగ్రామింగ్‌లో ఇది ఒకదానిలో ఒకటి ఇమిడిన మూడు ఆవృత్తులు, పది పంక్తుల పని. తరువాతి కాలంలో వచ్చిన పేర్లలో మేళం సంఖ్య కూడా దాచిపెట్టారు. అక్షరాలకు అంకెలిచ్చే కటపయాది పద్ధతి ప్రకారం మాయామాళవగౌళలో మా అంటే 5, యా అంటే 1. తిప్పి చదివితే 15. అది పదిహేనో మేళకర్త.

తాళంలోనూ ఇదే పద్ధతి. ఏడు తాళాలు, ఐదు జాతులు కలిస్తే 35. తకిట, తకధిమి, తకతకిట అంటూ నోటితో చెప్పే జతుల్ని మూడు, నాలుగు, ఐదు అంకెలుగా రాసి కూడికతో ముక్తాయింపులు అల్లవచ్చు.

నియమాలతో భారతీయ సంగీతాన్ని పుట్టించే ప్రయత్నం నలభై ఏళ్ల కిందటే జరిగింది. 1980లలో జిమ్ కిప్పెన్ అనే సంగీత పరిశోధకుడు, బెర్నార్డ్ బెల్ అనే కంప్యూటరు శాస్త్రజ్ఞుడు కలిసి బోల్ ప్రాసెసర్ తయారు చేశారు. లక్నో తబలా విద్వాంసుడు అఫాక్ హుస్సేన్ ఖాన్ వాయించే ఖాయిదాల నియమాల్ని వారు యంత్రానికి రాసి ఇచ్చారు. యంత్రం కొత్త విస్తారాలు అల్లేది. ఉస్తాద్ విని ఏది సరైందో, ఏది కాదో చెప్పేవారు. ఆ తీర్పును బట్టి నియమాల్ని దిద్దేవారు. తరాలుగా చేతివేళ్లలో ఉన్న జ్ఞానం అలా కొంత కొంతగా రాతలోకి వచ్చింది.

గమకం దగ్గర పని కష్టమవుతుంది. తోడి గాంధారాన్ని 63 అని రాసి పలికిస్తే అది తోడి కాదు. ఆ గాంధారం ఒకచోట నిలవదు, రిషభం వైపు దిగుతూ మధ్యమం వైపు లేస్తూ ఊగుతుంది. ఆ ఊపులోనే రాగం ఉంది. హార్మోనియం మెట్లకు ఇది అందదు. ప్రోగ్రామింగ్ భాషకు అందుతుంది, ఎందుకంటే అందులో మెట్లు ఉండి తీరాలన్న నియమం లేదు. 63కు బదులు 63.4 రాయవచ్చు. పలుకుతున్న స్వరాన్ని ఆపకుండా 61 నుంచి 65 దాకా జార్చవచ్చు, మళ్లీ దించవచ్చు. ఎంత వేగంగా, ఎంత ఎత్తుకు, ఎక్కడ కాసేపు నిలిచి అన్నది రాసేవారే చెప్పాలి. ఆ వివరాలు ఎవరు ఇస్తారు?

తెలుగులో ఆ పని చాలావరకు 1904లోనే జరిగింది. ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు తెలుగులో ప్రచురించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'లో ముత్తుస్వామి దీక్షితుల కీర్తనలు, మరెన్నో రచనలు స్వరాలతో ఉన్నాయి. స్వరాల వెంట గమకాలకు గుర్తులు కూడా ఉన్నాయి. కంపితం, స్ఫురితం, ప్రత్యాహతం, నొక్కు, జారు వంటి ఒక్కోదానికి ఒక్కో గుర్తు. ఏ స్వరాన్ని పలకాలో చెప్పి ఊరుకోకుండా, ఎలా పలకాలో కూడా ఆ గ్రంథం చెబుతుంది. నాదం ఎలా నడవాలో రాతలో చెప్పే భాషను తెలుగు లిపిలో ఇంత శ్రద్ధగా తీర్చిన గ్రంథాన్ని సంగీత విద్యార్థులే కాదు, కంప్యూటరు విద్యార్థులూ చదవాలి.

ఆ దారిలో పనిచేసినవారూ ఉన్నారు. స్వరలిపిని టైపు చేస్తే గమకాలతో వినిపించే గాయక అనే సాఫ్ట్‌వేర్‌ను ఎం. సుబ్రమణియన్ రూపొందించారు. తోడి రాగంలో స్వరాలు నిజంగా ఎక్కడెక్కడ తిరుగుతాయో ఆయన కంప్యూటరుతో కొలిచి చూపించారు కూడా.

ఏ భాషతో మొదలు?

భాషలు చాలా ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో బలం. సీసౌండ్ ఓపికగా, వివరంగా రాసేవారిది. పారిస్‌లోని ఇర్కామ్ సంస్థలో మాక్స్ అనే భాషకు పునాది వేసిన మిల్లర్ పకెట్ 1996లో ప్యూర్ డేటాను విడుదల చేశాడు. అందులో పంక్తులు రాయనక్కర్లేదు, తెరమీద పెట్టెల్ని గీతలతో కలిపితే వాద్యం తయారవుతుంది. అదే ఏడాది జేమ్స్ మెకార్ట్నీ సూపర్‌కొలైడర్‌ను తెచ్చాడు. అందులో సంగీతం మోగుతుండగానే ప్రోగ్రాంను మార్చవచ్చు. ఇలా సభలో అందరూ చూస్తుండగా ప్రోగ్రాం రాస్తూ కచేరీ చేసేవారు ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నారు. వారిలో ఒకరైన అలెక్స్ మెక్‌లీన్ రాసిన టైడల్ అనే భాష కాలాన్ని ఆవర్తాలుగా చూస్తుంది, ఒక్కో ఆవర్తాన్ని ఎన్ని భాగాలుగానైనా పంచుతుంది. తాళం వేయడం వచ్చినవారికి ఆ పద్ధతి కొత్తగా అనిపించదు. దాని జావాస్క్రిప్ట్ రూపం స్ట్రడెల్ బ్రౌజరులోనే నడుస్తుంది, ఏదీ ఇన్‌స్టాల్ చేసుకోనక్కర్లేదు. జావాస్క్రిప్ట్‌లో జాబితాలకు, పనులకు పేర్లు తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చు.

ఇక్కడ పేర్కొన్నవాటిలో మాక్స్ తప్ప మిగతావన్నీ ఉచితం. మామూలు ల్యాప్‌టాప్ చాలు. మొదటిసారి కూర్చునేవారికి సోనిక్ పై తేలిక. పది పన్నెండేళ్ల పిల్లలు కూడా ఒక సాయంత్రంలో సరళీ స్వరాలు పలికించగలరు.

ఒక లోటు మాత్రం గట్టిగా కనిపిస్తుంది. ప్రిన్స్‌టన్‌లో గె వాంగ్, పెరీ కుక్ తయారు చేసిన చక్ అనే భాషలో సిద్ధంగా ఉండే వాద్యాల జాబితా ఉంది. అందులో మాండొలిన్, క్లారినెట్, సాక్సఫోన్ ఉన్నాయి. సితార్ కూడా ఉంది. వీణ లేదు, తంబురా లేదు, నాదస్వరం లేదు. కంపితం, నొక్కు, జారు అని పిలిస్తే పలికే సిద్ధమైన పనిముట్లూ లేవు. ఎవరి చెవి ఏ వాద్యానికి అలవాటు పడిందో ఆ వాద్యమే వారి భాషలోకి ఎక్కింది. మన వాద్యాలు ఎక్కాలంటే మనవారే రాయాలి.

దానికి కావలసిన విద్య ఇక్కడే ఉంది. 1998లో మొదలైన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో మాట, ధ్వనుల మీద ఏళ్లుగా పరిశోధన జరుగుతోంది. తెలుగు పాఠాన్ని గొంతుతో చదివించే పద్ధతుల మీద అక్కడివారు పనిచేశారు. సంగీతాన్ని మనసు ఎలా గ్రహిస్తుందో అధ్యయనం చేసేవారూ అక్కడ ఉన్నారు. సికింద్రాబాద్ కళాశాలలో తంబురా జీవను సరిచేయడం తెలిసిన చేతులున్నాయి, తోడి గాంధారం తప్పితే పట్టే చెవులున్నాయి. రెంటికీ మధ్య దూరం నగరంలో ఒక గంట ప్రయాణం.

ప్రోగ్రాం రాయడం వచ్చినవారికి సాధారణంగా గమకం తెలియదు, గమకం తెలిసినవారికి ప్రోగ్రాం రాదు. లక్నోలో ఉస్తాద్, కంప్యూటరు శాస్త్రజ్ఞుడు పక్కపక్కన కూర్చున్నట్టు ఇక్కడా కూర్చోవాలి. సంగీత కళాశాలలు వారానికి ఒక్క తరగతి దీనికి కేటాయించాలి. ఇంజనీరింగ్ కళాశాలలు చివరి ఏడాది ప్రాజెక్టుగా ఒక గమకాన్నో, ఒక వాద్యాన్నో ఇవ్వాలి. విద్వాంసులు విని దిద్దిన తరువాత దాన్ని అందరూ వాడుకునేలా ఉచితంగా విడుదల చేయాలి. 1904 నాటి గుర్తుల జాబితా ముందే సిద్ధంగా ఉంది. అందులోంచి ఈ ఏడాది కంపితంతో మొదలుపెట్టండి.